కంగారమ్మ కౌంటర్

తడిగుడ్డ గట్టిగా పిండి, కౌంటర్‌ని మళ్ళీ మొదటినుంచి తుడవడం మొదలుపెట్టింది కంగారమ్మ. ఇందాక తుడిచిందే. కానీ ఆరిన చోట గుడ్డ చారలు తేలాయి, అవి యజమాని కంటపడతాయేమోనని భయం. బిల్లుల కాగితం పెట్టే డబ్బా తుడిచింది. సరుకు మీది గీతలు చదివే స్కానర్ తుడిచింది. కీబోర్డు సందుల్లో ఇరుక్కున్న పంచదార పలుకుల్ని పిన్నీసుతో ఏరింది. స్క్రీన్ వెనక చెయ్యి దూర్చితే వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. లాగి చూస్తే, నల్లగా జిడ్డు కట్టిన రబ్బరు ముక్క. బొటనవేలంత ఉంది, అడుగున గీతలు గీతలుగా మట్టి.

'ఛీ, జనం తినే వస్తువులు పెట్టేచోట ఇదేమిటి' అనుకుంటూ రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, బుట్ట తీసుకెళ్ళి వీధి చివర ఆగిన చెత్తబండిలో కుమ్మరించి వచ్చింది. మనసు కొంచెం తేలికపడింది.

ఆ కొట్టులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. చేరిన కొత్తలో వెనక గదికి తాళం వేసి వచ్చేది, మళ్ళీ వెళ్ళి లాగి చూసేది. పప్పు పొట్లం కట్టి తూచేది, పక్కన పెట్టి ఇంకోసారి తూచేది. అది చూసి కౌంటర్‌లో ఉండే పెద్దక్క ఒకరోజు "ఏమే కంగారమ్మా, ఆ పప్పేమైనా లేచి పారిపోతుందా?" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

పెద్దక్క అంటే కొట్టు తెరిచినప్పటినుంచీ ఆ కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి. నిన్నటితో పని మానేసింది. వేరే ఊళ్ళో చెల్లెలు బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది, ఇక ఇద్దరూ కలిసి నడుపుకుంటారట. ఇవాళ సాయంత్రమే బస్సు. పోయేముందు ఒకసారి వచ్చి తన వస్తువులు తీసుకెళ్తానంది.

ఆమె చోటు ఎవరికి ఇవ్వాలో యజమాని ఇంకా తేల్చలేదు. "ఇవాళ ఒక్కరోజు చూస్తా. నెట్టుకొచ్చావా, కౌంటర్ నీది. లేదా, మా బావమరిది కూతురు కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా ఉంది. నువ్వు మళ్ళీ ప్యాకింగ్‌కి పోదువుగాని" అని చెప్పి, సరుకు తేవడానికి టోకు బజారుకు వెళ్ళాడు. భోజనాల వేళకు వస్తాడు.

ప్యాకింగ్ అంటే కొట్టు మూసేదాకా ఉండాలి. ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయి ఉంటుంది. పొద్దున బయలుదేరేటప్పటికి ఇంకా లేవదు. ఇన్ని నెలలూ సెలవురోజుల్లో తప్ప బిడ్డను నిద్రలోనే చూసుకుంది, ఎంత పొడుగైందో పరుపు మీద జానలతో కొలుచుకుంది. ఈమధ్య మాటలొస్తున్నాయని అత్తగారు చెప్తుంటే విన్నది. "నిన్న కాకిని చూసి కాక్కాక్కా అని ఒకటే గోల" అంటుంది అత్తగారు, నవ్వుతూనే. మొన్న సెలవురోజున ఎత్తుకోబోతే పిల్ల వెళ్ళి నాయనమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. ఆ సంగతి కంగారమ్మ మొగుడికి కూడా చెప్పలేదు. కౌంటర్ పనైతే ఎండ ఉండగానే ఇంటికి పోవచ్చు. ఆమెకు కావలసిందల్లా ఆ కాస్త ఎండ.

మొదటి బేరాలు బాగానే నడిచాయి. స్కానర్ కిందకు సబ్బు వెళ్ళగానే 'కీక్' మనేది, స్క్రీన్ మీద ధర పడేది. పాల ప్యాకెట్, కీక్. అగ్గిపెట్టె, కీక్. ఇంతేనా, దీనికా నేను రాత్రంతా నిద్రపోనిది అనుకుంటుండగా హాస్టల్ వంటావిడ వచ్చి పంచదార బస్తాని కౌంటర్ మీద ధబేలున పడేసింది.

స్క్రీన్ ఆరిపోయింది.

కంగారమ్మ మీటలు నొక్కింది. స్క్రీన్‌ని నెమ్మదిగా తట్టింది. నల్లటి అద్దంలో ఆమె ముఖమే కనిపించింది, నుదుటి మీద చెమటతో సహా.

"ఏమే, నీ ముఖం చూసి మిషన్ కళ్ళు తిరిగి పడిపోయిందా?" అంది వంటావిడ.

"నవ్వకండి పిన్నీ. మీకు పుణ్యముంటుంది."

గోడ మీద అంటించిన నంబరుకు ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి ఒక కుర్రగొంతు పలికింది.

"స్క్రీన్ మీద ఏం మెసేజ్ వస్తోంది మేడమ్?"

"ఏమీ రావట్లేదండీ. నల్లగా ఉంది."

"ఏ నలుపు మేడమ్? వెలుతురుండి నలుపా, వెలుతురే లేని నలుపా?"

నలుపులో కూడా రకాలుంటాయని ఆమెకు తెలీదు. చేతులు అడ్డం పెట్టి లోపలికి తొంగి చూసింది. "వెలుతురు లేదండీ. బావిలోకి చూసినట్టుంది."

"సరే, స్క్రీన్ మీద కుడి మూల ఒక నంబరుంటుంది. అది చదవండి."

"స్క్రీనే లేదంటే నంబరు చదవమంటాడేంటి?" వంటావిడ ఫోన్ దగ్గరకు వంగి అరిచింది. "నాయనా, నీకేమైనా కనిపిస్తుంటే నువ్వే చదువు!"

మనిషిని రేపు పంపిస్తామని చెప్పి పెట్టేశాడు. రేపటికి ఈ కౌంటర్‌లో యజమాని బావమరిది కూతురు ఉంటుంది. మిషన్‌తో పాటు ఇచ్చిన పుస్తకం తెరిస్తే అన్నీ తెలియని అక్షరాలు, బాణం గుర్తులు. కంగారమ్మ చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. తమ్ముడు పుట్టాక అమ్మ మంచం దిగలేదు. బడి సంచీ దిగిన భుజం మీదకు తమ్ముడు ఎక్కాడు. వాడు రోజంతా ఏడ్చేవాడు. ఎందుకేడుస్తున్నాడో చెప్పలేడు, చెప్పేవాళ్ళు ఇంట్లో వేరే లేరు. ఆకలా? పక్క తడిసిందా? కడుపులో నొప్పా? చొక్కాలో చీమ దూరిందా? ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేది. పదమూడేళ్ళ పిల్ల నేర్చుకున్న చదువు అదే.

పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఇదీ నోరు లేనిదేగా అనుకుని కౌంటర్ కిందకు వంగింది.

మిషన్ పెట్టె మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది, లోపల ఫ్యాను గురగురమంటోంది. ఊపిరి ఉంది. స్కానర్ కిందకు అగ్గిపెట్టె తోసింది. కీక్. పలుకుతోంది. అంటే దీనికేం కాలేదు. మరి స్క్రీన్? దాని అంచున ఉండే చుక్కంత పచ్చదీపం వెలగట్లేదు. అయితే దీనికి పాలు అందట్లేదన్నమాట. స్క్రీన్ వైరును గోడ దగ్గర పీకి ఇంకో బొక్కలో పెట్టింది. ఊహూఁ. అక్కడినుంచి వైరును రెండు వేళ్ళ మధ్య నొక్కుకుంటూ పైకి వచ్చింది, పిల్ల పొట్ట మీద నొప్పి ఎక్కడుందో వెతికినట్టు. మధ్యలో ఏమీ లేదు. స్క్రీన్ వెనక, వైరు పిన్ను దూరే చోట వేలు తగిలిందో లేదో, తెర మీద వెలుగు మిణుక్కుమంది.

"అక్కడే! అక్కడే!" అంది వంటావిడ. నవ్వడం ఎప్పుడో మానేసింది.

పిన్నును పైకి ఎత్తిపట్టుకుంటే స్క్రీన్ వచ్చింది, వదిలితే పోయింది. వదులైంది. దాని బరువుకు అదే కిందకు జారుతోంది. కంగారమ్మ ఎడమచెయ్యి స్క్రీన్ వెనక పెట్టి, కుడిచేత్తో బిల్లు కొట్టింది. పంచదార వెళ్ళిపోయింది. వెనకాల వరస పెరిగింది. గుడ్లు కొనడానికొచ్చిన తాత ఆమె వాలకం చూసి "స్క్రీన్‌కి జ్వరమా అమ్మాయ్, వీపు నిమురుతున్నావు?" అన్నాడు. "తగ్గుముఖం పట్టింది తాతగారూ" అంది. తనకే నవ్వొచ్చింది. ఆ కౌంటర్ వెనక నవ్వడం అదే మొదలు.

కానీ యజమాని వచ్చేసరికి ఇలా వేలాడుతూ కనిపిస్తే? బేరం కాస్త పలచబడగానే పిన్ను కింద ఏదో ఒకటి ఎగదోద్దామని చూసింది. అట్టముక్క మడిచి పెడితే నలిగి కూర్చుంది. సబ్బుబిళ్ళ జారింది. గుడ్డ చుట్ట ఒరిగింది. జారిన సబ్బుబిళ్ళ కోసం వంగితే కౌంటర్ కింద, మూలగా, పెద్దక్క రబ్బరు చెప్పులు కనిపించాయి. కొట్టులో నిలబడేటప్పుడు వేసుకునేవి. నీలంరంగు పట్టీలు వెలిసి బూడిదరంగుకు తిరిగాయి. అయిదు వేళ్ళకూ అయిదు గుంటలు, మడమల దగ్గర పల్లాలు. ఎడమచెప్పుకు మడమ మూల లేదు, బ్లేడుతో సాఫుగా కోసేసినట్టుంది.

బొటనవేలంత.

కంగారమ్మ అలాగే గొంతుకూర్చుండిపోయింది. పొద్దున రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి పారేసింది ఏమిటో అప్పుడు తెలిసింది. చెత్తబండి ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. కుడిచెప్పు నిండుగా ఉంది. కానీ అది ఇంకొకరి వస్తువు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్న వస్తువు. అడగకుండా ముట్టుకోవడం తనకు చిన్నప్పటినుంచీ లేదు. బయట యజమాని వ్యాను ఆగిన చప్పుడైంది.

అట్టపెట్టెలు కోసే బ్లేడు తీసుకుని కుడిచెప్పు మడమ మూల కోసేసింది. ఆ హడావుడిలోనూ ముక్కను సబ్బుతో కడిగి, పైటకొంగుతో తుడిచింది. పిన్ను కింద దూర్చింది. బిగుతుగా పట్టింది. చెయ్యి తీసింది. స్క్రీన్ ఉంది. కౌంటర్‌ని అరచేత్తో గట్టిగా చరిచింది. అయినా ఉంది.

యజమాని లోపలికి వచ్చి అటూ ఇటూ చూశాడు. "పర్వాలేదే, కౌంటర్ మెరుస్తోంది" అన్నాడు.

ఎండ గుమ్మందాకా వచ్చిన వేళకు పెద్దక్క వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో ఒక సంచీ, కాళ్ళకు కొత్త చెప్పులు. ఆమె గుమ్మంలో కనపడగానే కంగారమ్మ చూపు కౌంటర్ కిందకు పోయింది. యజమాని పక్కనే ఉన్నాడు. ఆయన లోపలికి వెళ్ళాక చెప్పొచ్చు. అసలు చెప్పకపోయినా పోయేదేం లేదు. కానీ దాచుకోవడం చేతకాని మనిషి, గబగబా బయటపెట్టేసింది.

"పెద్దక్కా, మీ చెప్పు కోసేశాను. పొద్దున స్క్రీన్ వెనక ముక్క మురికని పారేశాను, స్క్రీన్ ఆరిపోయింది. తప్పు నాదే. మీ కుడిచెప్పు పాడుచేశాను."

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏ ముక్క? ఆగండాగండి. ఇన్నేళ్ళూ నా మిషన్ చెప్పుముక్క మీద నడిచిందా?"

"మిషనొక్కటేనా? మీ కొట్టంతా ఆ చెప్పుల మీదే నడిచింది" అంది పెద్దక్క. వంగి చెప్పుల్ని చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్ళూ ఒక మడమ ఎత్తు, ఒక మడమ పల్లం. కుంటుకుంటూ నిలబడ్డానే! నాకెప్పుడూ తట్టలేదు చూడు, ఇవాళ సమం చేశావు."

యజమాని స్క్రీన్ వెనక్కి తొంగి చూశాడు. ముక్కను వేలితో కదిపి చూశాడు. అది కదల్లేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సర్లే. రేపు కూడా నువ్వే చూసుకో. ఎల్లుండి కూడా. మా బావమరిదికి ఏదో ఒకటి చెప్పుకుంటాను" అని, వ్యానులోంచి సరుకు దింపించడానికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక పెద్దక్క గొంతు తగ్గించింది. "అది పెట్టిన రోజు నాకూ నీలాంటి కంగారేనే. ఇంట్లో చిన్నాడు ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉన్నాడు, ఇక్కడ ఇది నల్లబడి కూర్చుంది. తెమిలితేగానీ ఇంటికి పోలేను. చేతికేం దొరకలేదు, కాలికున్నదే దొరికింది."

"చిన్నాడికి తగ్గిందా?" అంది కంగారమ్మ, నిన్నటి జ్వరాన్ని అడిగినట్టు.

"తగ్గకేం! ఇప్పుడు వాడికే ఒక పిల్లాడు. నీకంటే కంగారు వాడికి."

పెద్దక్క సొరుగులోంచి తన దువ్వెన, కళ్ళజోడు పెట్టె తీసి సంచీలో వేసుకుంది. కౌంటర్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించి తీసేసింది. కంగారమ్మ వంగి చెప్పులు అందించబోయింది.

"అవెందుకు నాకు? అవి నడిచిన చెప్పులు కావే, నిలబడ్డ చెప్పులు. ఇక్కడే ఉండనీ" అని బయటికి నడిచింది. కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో, మెట్ల దగ్గర ఆగి పట్టీ సర్దుకుంది. తర్వాత వీధి మలుపులో ఒక బండి అడ్డమొచ్చింది. బండి కదిలేసరికి అక్కడ ఎవరూ లేరు.

సాయంత్రం బేరం యజమానే చూసుకుంటాడు. కంగారమ్మ ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, బుజ్జిదాన్ని పడుకోబెట్టకండి, వచ్చేస్తున్నా."

"పడుకోవడమా! మేడమీద కాకుల వెంటపడింది. నువ్వే వచ్చి పట్టుకో తల్లీ, నావల్ల కాదు."

ఫోన్‌లో దూరంగా 'కాక్కాక్కా' అని వినిపించింది. ఇంకోసారి వినిపిస్తుందేమోనని ఆగింది. వినిపించింది. సంచీ భుజాన వేసుకుంది. స్క్రీన్ వెలుగుతోందో లేదో చూసింది. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి చూసింది. గోడ మీద ఎండ ఇంకా ఉంది.

కౌంటర్ కింద, మూలన, వెలిసిన పట్టీల రబ్బరు చెప్పులు రెండూ కౌంటర్ వైపే ముఖం పెట్టి ఉన్నాయి. ఇప్పుడు రెండు మడమలూ సమంగా ఉన్నాయి, పది వేళ్ళ గుంటల్లో సాయంత్రపు వెలుతురు కొంచెం కొంచెం నిలిచి ఉంది.