ముత్తులక్ష్మి చెప్పిన చెట్టు

విరుదునగర్ బడి నుంచి ఫోన్ వచ్చేసరికి ముత్తులక్ష్మి రెండు చేతులూ మన్నులో పెట్టి మొక్కలు మారుస్తోంది. అవతల మాట్లాడుతున్నది ఆ బడి నడిపే పెద్దాయన, దామోదరసామి. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు కటువుగా మాట్లాడాడు.

"ఏమ్మా, నీ మాట నమ్మి నలభై చెట్లు నాటిస్తిని. వచ్చి చూసి పో."

అంతే, పెట్టేశాడు.

తమిళనాడులో కోవిల్‌పట్టి ఊరి చివర ఉన్న ఆ నర్సరీ ముత్తులక్ష్మి, సెల్వరాణి కలిసి పెట్టుకున్నది. అంతకుముందు ఇద్దరూ పదహారేళ్ళు ఒకే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పక్కపక్కన కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చారు. ఫ్యాక్టరీలోకి మిషన్లు దిగి చేతిపని పోయాక, మొక్కల మీద ఆశ ఉన్న ముత్తులక్ష్మి, మాటకారి అయిన సెల్వరాణి ఒక జత అయ్యారు. మన్నూ నీళ్ళూ పెద్దామె ముత్తులక్ష్మివి, బేరాలూ కాగితాలూ చిన్నామె సెల్వరాణివి. ముత్తులక్ష్మి తొమ్మిదో ఏటనే పుల్లల పనికి పోయింది. సంతకం ఒకటే నేర్చుకుంది. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలుంటాయని వినడమే గానీ చూసింది లేదు. అరవం బోర్డులు కూడా సెల్వరాణే చదివి చెప్పేది. కరెంటు కాగితం వచ్చినా, భర్త పోయినప్పుడు ఆఫీసులు తిరగాల్సి వచ్చినా, అన్నిటికీ సెల్వరాణే.

కిందటేడు దామోదరసామి వచ్చి, బడి దారి పొడుగునా ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు కావాలన్నాడు. మనసు క్రిస్మస్ చెట్టు మీదికి లాగినా, అదా, తూజానా అని ఆయన తేల్చుకోలేకపోయాడు. "తొందర లేదు. మా మన్నులో ఏది బతుకుతుందో పెంచి చూసి చెప్పు," అన్నాడు.

ముత్తులక్ష్మి బడి ఆవరణలోంచే నల్లరేగడి మూటలు కట్టించి తెచ్చుకుంది. ఆరు తొట్లలో క్రిస్మస్ చెట్లు, ఆరు తొట్లలో తూజా పెట్టి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కనిపెట్టుకుని ఉంది. క్రిస్మస్ చెట్టు చూడ్డానికి రాజా. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా, నక్షత్రం పరిచినట్టు. కానీ ఐప్పసి నెల వానకు రేగడి నీళ్ళు పట్టి బిగుసుకునేసరికి దాని వేళ్ళకు ఊపిరాడలేదు. కింది కొమ్మలు ఎర్రబడి రాలాయి. ఆ చెట్టుకు ఒకసారి రాలిన కొమ్మ మళ్ళీ రాదు. ఆరింట్లో నాలుగు పోయాయి. తూజా అంత అందగత్తె కాదు. విసనకర్రల్ని నిలబెట్టినట్టుంటుంది, నలిపితే ఘాటు వాసన. చిత్తిరై నెల ఎండకు లోపలి ఆకు మాడింది, ఎర్రనల్లి పురుగు పట్టింది. ఆమె పైపుతో లోపలిదాకా నీళ్ళు కొట్టి, పైపైన కత్తిరించి నిలబెట్టింది. ఆరూ బతికాయి.

ఇదంతా ఆమె చెబుతుంటే సెల్వరాణి అరవంలో రెండు పేజీలు రాసింది. "దారికి తూజా. గట్లు ఎత్తు చేసి నాటాల. క్రిస్మస్ చెట్లు కావాలంటే గేటు కాడ రెండే, అదీ ఎర్రమన్ను పోసి," అని ముత్తులక్ష్మి చివర్లో రెండుసార్లు చెప్పింది.

"రాస్తిని అక్కా," అని సెల్వరాణి కాగితం ముందుకు జరిపింది. ముత్తులక్ష్మి సంతకం పెట్టింది. నాటే వారం ఆమె మోకాలి నొప్పితో మంచం పట్టింది. సెల్వరాణే మొక్కలు నేరుగా బడికి తెప్పించి, విరుదునగర్ వెళ్ళి పని ముగించుకుని వచ్చింది.

ఇప్పుడు సాత్తూరు మీదుగా వెళ్ళే బస్సులో కూర్చుని ముత్తులక్ష్మి దారంతా ఒకటే ఆలోచించింది. తూజా పోయిందంటే తప్పెక్కడ? గట్లు ఎత్తు చేయలేదా? దగ్గర దగ్గరగా నాటారా?

బడి గేటు దాటగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. దారికి రెండు పక్కలా ఉన్నవి క్రిస్మస్ చెట్లు. సగానికి పైగా తుప్పు రంగులో, కింది కొమ్మలు లేక, ఈకలు పీకిన కోళ్ళలా నిలబడి ఉన్నాయి.

"ఇవి ఏల పెట్టిరి సామీ?" అంది.

దామోదరసామి జేబులోంచి కాగితం తీశాడు. "నువ్వు చెప్పితివనే." అక్కడే నిలబడి చదివాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా అందులో ఉంది. వానకు ఊపిరాడని వేళ్ళు, రాలితే మళ్ళీ రాని కొమ్మ, నీళ్ళు కొట్టి నిలబెట్టిన తీరు, ఆరింట్లో నాలుగు పోవడం. ఒక్క మాట తగ్గలేదు. పేర్లు మాత్రం మారిపోయాయి. పోయింది తూజా అట. బతికింది క్రిస్మస్ చెట్టు అట. కింద ఆమె సంతకం.

ముత్తులక్ష్మి ఎండిన చెట్టు మొదట్లో కూర్చుని చేత్తో తవ్వింది. నల్లటి వేళ్ళు పేగుల్లా మెత్తగా జారి చేతికొచ్చాయి, కుళ్ళు వాసన కొట్టింది.

"నేను చెప్పింది ఇది కాదు సామీ."

"సంతకం నీది కాదా?"

"నాదే. నాకి చదవను రాదు."

దామోదరసామి ఇంట్లోనూ నోటి మాటే గానీ రాత లేని ఆ తెలుగే. ఆయన కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. "ఇప్పుడు చెప్పు. నేనే రాస్తాను." ఆమె మొదటినుంచీ చెప్పింది. రాశాక చదివించుకుంది. మళ్ళీ ఒకసారి చదవమంది. ఆయన విసుక్కోలేదు.

సాయంత్రం నర్సరీకి వచ్చేసరికి సెల్వరాణి గులాబీలకు నీళ్ళు పెడుతోంది. ముత్తులక్ష్మి మొహం చూసి పైపు కింద పడేసింది.

"పేర్లు ఏల మారిస్తివే?"

సెల్వరాణి బొంకలేదు. హోసూరులో చెట్లు పెంచి అమ్మే ఆసామికి ఆ నలభై క్రిస్మస్ చెట్లూ కొంటానని ముందే మాట ఇచ్చేసింది. పెద్దాయనకు మొదట్లో ఆ చెట్ల మీదే మోజు, వాటినే ఒప్పుకుంటాడనుకుంది. "నువ్వు వద్దంటివి. హోసూరు వాండ్లతో ఏమి చెప్పేది? బతుకుతాయిలే అనుకుంటిని అక్కా. బతికివుంటే నీకి తెలిసేదే లే."

"అదేనే. నాకి తెలీదనే కదా రాస్తివి?"

సెల్వరాణి తల దించుకుంది. "నన్ను కొట్టు అక్కా. ఇట్ల చూడొద్దు."

"నేను పడుకోనుంటే నువ్వే పోయి నాటిస్తివి. తిరిగొచ్చి నా మోకాలికి నూనె రాస్తివి. అప్పుడైనా చెప్పొచ్చు కదే?"

"రేపట్నుంచి రావద్దు," అని ముత్తులక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది. గొంతు పెంచలేదు. ఫ్యాక్టరీలో ఒకే గిన్నెలో తిన్న మనిషి మీద అరవడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ మాసంలోనే ఆమె బడిలో గట్లు ఎత్తించి తూజా నాటింది. అప్పటికి కొన ఊపిరితో మిగిలిన తొమ్మిది క్రిస్మస్ చెట్లను పెకిలించి, కుళ్ళిన వేళ్ళు కోసేసి, ఎర్రమన్ను తొట్లలో పెట్టింది. అయిదు నిలిచాయి. దామోదరసామి పని మాన్పించలేదు కానీ, నాటిన ప్రతి వరసా తనే వచ్చి చూసుకుని వెళ్ళేవాడు. ఆ చూపు ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆమెను తొలిచింది ఇంట్లోని రేకు పెట్టె. అందులో ఇరవై ఏళ్ళ కాగితాలు. అన్నీ సెల్వరాణి చదివి చెప్పినవే. వాటిలో ఎన్ని పేర్లు మార్చిందో? భర్త ఆస్పత్రి కాగితంలో నిజంగా ఏముందో? ఎండలు ముదిరే పంగుణి నెలలో ఒక రోజు తూజాకు నీళ్ళు పెట్టడానికి వెళ్తూ ఆ కాగితాలన్నీ సంచిలో వేసుకుపోయింది. బడిలో సంగవి అనే టీచరమ్మను బతిమాలి మధ్యాహ్నమంతా ఒక్కొక్కటే చదివించుకుంది.

ఇంటి పన్ను. పించను. ఆస్పత్రి చీటీ. అన్నీ సెల్వరాణి చెప్పినట్టే ఉన్నాయి. ఒక్క అక్షరం తేడా లేదు.

"అన్నీ శరిగానే ఉండాయి కదా, ఏల ఏడుస్తారు?" అంది సంగవి కంగారుగా.

ఒక్కటైనా అబద్ధం దొరికుంటే ముత్తులక్ష్మికి సుఖంగా ఉండేది. మొదటినుంచీ మోసగత్తే అనుకుని తుడిచేసుకునేది. ఇరవై ఏళ్ళు నిజంగానే చదివి పెట్టిన మనిషి, ఒక్క రోజు మాత్రం అలా చేసింది. ఆ మనిషిని ఏమని తిట్టుకోవాలో తెలియలేదు.

కొంగుతో మొహం తుడుచుకుని కాగితాలు సంచిలో సర్దుకుంది. ఇంకా రెండు వరసలకు నీళ్ళు పెట్టాల్సి ఉంది. లేచి పైపు దగ్గరికి నడిచింది.