ఉడుత మడమ

అగ్నిమాపక కేంద్రంలో ఆమెను అందరూ ఉడుత అనేవారు. నిచ్చెన గోడకు ఆనీ ఆనకముందే మూడో అంతస్తు కిటికీలో ప్రత్యక్షమయ్యే మనిషి. అలాంటిది, ఒక గోదాము మంటలార్పి దిగుతూ తడినేల మీదికి దూకిన క్షణాన, మడమ వెనక ఎవరో కర్రతో కొట్టినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మడమ వెనకుండే లావుపాటి స్నాయువు సగానికి పైగా చిరిగిందని స్కానులో తేలింది.

నాలుగు నెలలు గడిచాయి. కట్టు విప్పారు గానీ నొప్పి వదల్లేదు. ఏడాదిలోగా మెట్ల పరీక్ష నెగ్గకపోతే వైర్‌లెస్ గదిలో కూర్చోవాల్సిందేనని పెద్దాఫీసరు చెప్పేశాడు.

ఆ మర్నాడే అగ్నిమాపక బండి డ్రైవరు రొప్పుతూ ఇంటికొచ్చాడు. జేబులోంచి చిటికెన వేలంత సీసా తీశాడు.

"చెల్లెమ్మా, పెప్టైడట ఇది, ప్రోటీను ముక్కలాంటి మందట! మా జిమ్ము వాళ్ళు వాడుతున్నారు. చర్మం కింద సూది వేసుకుంటే చిరిగింది ఇట్టే అతుక్కుంటుందట. నెట్‌లో తెప్పించా."

ఉడుతకు ప్రాణం లేచొచ్చింది. "అత్తయ్యా! అత్తయ్యా, సిరంజి ఉందా?"

అత్తగారు ముప్పై ఏళ్ళు సర్జరీ వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, సీసాను వెలుగుకేసి పట్టుకుంది.

"పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని రాసుంది. నువ్వు మనిషివా, ఎలకవా?"

"ఉడుతండీ," అన్నాడు డ్రైవరు మెల్లిగా.

"నువ్వు నోర్ముయ్యి నాయనా. ఇందులో మందుందో మురికి నీళ్ళున్నాయో ఎవడికెరుక? నా చేత్తో ఇది పొడవను."

ఉడుత ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూడలేకే కాబోలు, అత్తగారు తను పనిచేసిన ఆసుపత్రికి ఫోన్ చేసింది. పది నిమిషాలు మాట్లాడి, ఫోన్ పెట్టేసి, "చెప్పులేసుకో. ఇలాంటి మందు మీదే అక్కడ అధ్యయనం జరుగుతోందట. మనుషులు కావాలట!" అంది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "జంతువుల్లో ఫలితం బాగుంది. మనుషుల్లో పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు. అది తేల్చడానికే ఇదంతా. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. మీకేది వస్తుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. వ్యాయామం మాత్రం అందరికీ తప్పదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి ఉడుత రెండు రోజులు తీసుకుంది. అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకెళ్ళి అడిగి, అప్పుడు సంతకం పెట్టింది.

ఆరు వారాలు, రోజుకొక సూది. పొద్దున్నే అత్తగారు దూది, స్పిరిట్‌తో సిద్ధం. బొడ్డు పక్కన చర్మం చిటికెడు పట్టి, చీమ కుట్టినంతలో పని ముగించేది. ఆ తర్వాత అసలు నరకం మొదలయ్యేది. పెరటి మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమ దించడం, లేపడం. మళ్ళీ దించడం. "ఇంకో పదిహేను!" అని వంటింట్లోంచే కేకలు. ఉడుత పళ్ళు కొరుక్కుంటూ, లోలోపల తిట్టుకుంటూ చేసేది. సూదులు అయిపోయాక కూడా ఆ కేకలు ఆగలేదు.

తొమ్మిదో వారంలో ఒక ఉదయం, పై అరలో డబ్బా కోసం చెయ్యి చాచింది. డబ్బా అందింది. అందాక చూసుకుంటే, తను నిలబడింది దెబ్బతిన్న కాలి మునివేళ్ళ మీద. రెండో కాలు గాల్లో ఉంది! దిగింది. మళ్ళీ లేచింది. నొప్పి లేదు!

"అత్తయ్యా! చూడండి, ఒంటికాలి మీద లేస్తున్నా!"

"ఇన్నాళ్ళూ నా మీద లేస్తూనే ఉన్నావుగా, కొత్తేముంది?" అంటూ వచ్చిన ఆవిడ వంగి ఆ మడమను వేలితో నొక్కి చూసింది. మరుక్షణం ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. ఆ సంబరంలో డబ్బా ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు.

కొత్త స్కానులో చిరుగు చాలావరకు పూడినట్టు తేలింది. ఇంకో రెండు నెలలకు మెట్ల పరీక్షకు డాక్టరమ్మ సరేనంది.

పరీక్ష రోజు భుజాన నీటి గొట్టం చుట్ట, వీపున గాలి సిలిండరు. ఎక్కాల్సింది కేంద్రం పక్కనే ఉన్న పన్నెండు అంతస్తుల భవనం. ఈల మోగింది. అయిదో అంతస్తు దాకా ఉడుత మడమనే వింటూ ఎక్కింది. ఆరు దాటాక మడమను మరిచిపోయింది. పిక్కలు మండుతున్నాయి, ఊపిరి గొంతులో కొట్టుకుంటోంది. అయినా ఇన్నాళ్ళు ఎక్కని మెట్లన్నీ ఒక్కసారే ఎక్కెయ్యాలన్నంత ఆత్రం! పైకప్పు తలుపు భుజంతో తోసుకుని వెలుగులోకి పడింది.

కింద పెద్దాఫీసరు గడియారం చూసి, నమ్మలేక మళ్ళీ చూశాడు. "గడువులో ఇంకా నలభై సెకన్లు మిగిలాయి!"

డ్రైవరు ఈలలు వేశాడు. ఆమె దిగి రాగానే, "ఇంతకీ నీకు పడింది మందా, ఉప్పునీళ్ళా?" అని అడిగాడు.

"తెలీదన్నా. అందరి లెక్కా తేలాకే చెబుతారట."

"ఏదైతేనేం," అంది గేటు దగ్గర నిలబడ్డ అత్తగారు, "కేకలు మాత్రం నావి!"

ఉడుత జవాబు చెప్పబోయేంతలో కేంద్రంలో గంట మోగింది. అందరికంటే ముందు బండెక్కి, తలుపు దబాలున వేసి, "పోనీ అన్నా!" అని అరిచింది.