మాటలు మోసే మనిషి

బస చేసిన గదిలో సింకు మరీ చిన్నది. ఈయన సాక్సులు ఒక జత ఉతికేలోగా రెండో జత అంచు మీంచి జారి కింద పడుతుంది. ప్రయాణమంటే నాకు ఇంటి పనే, కాకపోతే బకెట్టు ఉండదు. "పెట్టి పుట్టావే అమ్మాయ్, మావాడు నిన్ను దేశాలు తిప్పుతున్నాడు," అంటారు మా అత్తగారు మంచమ్మీంచి. ఆవిడ కాళ్ళకి వేడినీళ్ళు కావాలంటే కింద ఇంటావిడని అడగాలి. అడగాలంటే భాష రావాలి. మా ముగ్గురిలో ఆ భాష వచ్చింది నాకొక్కదానికే.

అదేమీ ఊరికే రాలేదు. టిక్కెట్లు కొన్న రోజునుంచీ కూరలు తరుగుతూ, అంట్లు తోముతూ, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వల్లె వేశాను. "నీకు కాలక్షేపానికి బానే ఉంది, నాకెక్కడ తీరుతుంది," అన్నారు ఈయన. ఈయన కెమెరా ముందు నిలబడి లోకంలో ఎవరెలా బతుకుతారో చెప్తుంటారు. వచ్చిన మర్నాడే తేల్చేశారు: "ఈ ఊళ్ళో మగాళ్ళు బద్ధకస్తులు, ఆడాళ్ళు గయ్యాళులు. ఎందుకిలా అని అడుగు వాళ్ళని." ఎలా అడుగుతాను? "మీ ఊరు ప్రశాంతంగా ఉందంటున్నారు మావారు," అన్నాను. వాళ్ళు మురిసిపోయి ఈయనకి కుర్చీ వేశారు. "చూశావా, నేనెక్కడికెళ్ళినా జనం ఇట్టే కలిసిపోతారు!" అన్నారీయన. నాకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం నవ్వాను.

ఇంటావిడ కూడా తక్కువేం తినలేదు. ఆవిడ నదిలో పడవ నడుపుతుంది, సరుకులు చేరేస్తుంది. "మీ దేశంలో ఆడవాళ్ళు మొగుడి వెనకే నడుస్తారటగా?" అందొకసారి. అదంతా ఏనాటి మాట అని కస్సుమన్నాను. "ఏమంటోంది?" అన్నారీయన. "మనవైపు ఎండలెక్కువా అంటోంది," అన్నాను. ఆ తర్వాత బజారుకి బయల్దేరాం. కెమెరా సంచీ, అత్తగారి మందుల సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని వాళ్ళిద్దరి వెనకాల కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నానని మలుపు దగ్గర గమనించాను. ఆవిడ మీద కోపం ఇంకా పెరిగింది. మా దేశం గురించి ఆవిడన్నది తప్పు. నా గురించి మాత్రం నిజం. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను?

ఇవాళ పొద్దున మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపింది. "ఇన్నాళ్ళూ నీ నోట మీ ఆయన మాటలే విన్నాను. ఆ రోజు నా మీద కస్సుమన్నావే, అదొక్కటే నీ మాట. రేపు సరుకేసుకుని ఎగువకి వెళ్తున్నా, సాయంత్రానికి వచ్చేస్తాం. నువ్వొక్కదానివే రా, కబుర్లు చెప్పుకుందాం."

నేను చెప్పే కబుర్లు కావాలని నన్నెవరైనా పిలిచి ఎన్నేళ్ళయింది! వెళ్ళాలని ఎంత అనిపించిందంటే, చిన్నపిల్లలా మెట్ల మీదే కూర్చుని ఏడవబోయాను.

భోజనాల దగ్గర చెప్పాను. "రేపా? రేపు మ్యూజియం వీడియో ఉందిగా! నువ్వు లేకపోతే గైడుతో ఎవరు మాట్లాడతారు?" అన్నారీయన. "నా మాత్రలు ఎవరు అడిగి తెస్తారు?" అన్నారు అత్తగారు. నాకేం కావాలో అడగడం ఇద్దరికీ తోచలేదు. ఈయన అక్కణ్ణించే ఇంటావిడని చేయూపి పిలిచారు. "కుదరదని చెప్పు. మా ఆవిడకి నీళ్ళంటే చచ్చేంత భయమని చెప్పు. నొచ్చుకోకుండా చెప్పు."

నాకు నీళ్ళంటే భయం లేదు. పెళ్ళికి ముందు ఈత పోటీలకి వెళ్ళేదాన్ని. ఈయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. తొందరపడకుండా, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. నా భుజం గట్టిగా తట్టి వెళ్ళిపోయింది.

"చూశావా? మంచిగా చెప్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు," అన్నారీయన కూర వడ్డించుకుంటూ. "ఇంతకీ ఏమని చెప్పావు?"

"రేపు తెల్లారేసరికి రేవులో ఉంటానని."