పై సభ కొట్టేసిన ముక్క

అంతర్వేది పర్రలో, ఆ సముద్రపొడ్డు చవిటి నేలలో, వేసవి ముదిరితే ఉప్పు దానంతట అదే పేరుతుంది. పోటుకి ఎక్కిన సముద్రపు నీళ్ళు పల్లాల్లో నిలిచి, ఎండకి ఇగిరిపోయి, అడుగున తెల్లటి పొర కడతాయి. ఎవరూ ఉప్పుమడి కట్టక్కర్లేదు, ఎవరూ నీళ్ళు తోడక్కర్లేదు. అయినా అది కుంపిణీవారి ఉప్పే. జనం ఎత్తుకుపోకుండా ఏటేటా ఉప్పు జవాన్లు దిగి, దాన్ని బురదలో కలిపి తొక్కించేసేవారు.

పెద్దింట్లమ్మది ఎండుచేపల బేరం. మొగుడు అప్పలస్వామి పట్టుకొచ్చిన చేపని కోసి, ఉప్పు పట్టించి, ఇసకలో ఎండబెట్టి, రాజోలు సంతకి మోసుకెళ్ళేది. ఒకరోజు వలలో కవళ్ళ చేపలు విరగబడ్డాయి. ఇంట్లో చూస్తే చారెడు ఉప్పు లేదు. కుంపిణీవారు ఉప్పు అమ్మే కొటారు ఏటికి అవతల ఉంది. పడవ వెళ్ళి వచ్చేసరికి చేప కుళ్ళిపోతుంది. అప్పలస్వామి పర్రలోకి వెళ్ళి ఒక్క తట్టెడు ఉప్పు ఎత్తుకొచ్చేడు. దారిలో ఉప్పు ఠాణా జమేదారు ఎదురయ్యేడు.

చేతులు వెనక్కి విరిచి, ఠాణా ముందు స్తంభానికి ఎత్తుగా కట్టి, పొద్దు వాలేదాకా ఎండలో ఉంచేరు. విప్పేసరికి కుడిచెయ్యి భుజం దగ్గర జారిపోయింది. ఎముకలు సర్దేవాడు వచ్చి కట్టు కట్టేడు గానీ, ఆ చేతికి మళ్ళీ బలం రాలేదు. వల విసిరే చెయ్యి అది. అప్పట్నుంచీ తమ్ముడు నూకరాజు పడవ మీద వెళ్ళి ఇంత వాటా ఇస్తుంటే రెండిళ్ళూ తినేవి.

కొన్నాళ్ళకి అమలాపురం నుంచి కామరాజుగారు ఊళ్ళోకి వచ్చేరు. కచేరీలో రాయసం చేసి, అక్కడి సంగతులు చూడలేక మానుకున్న మనిషి. ఇంగిలీషు వచ్చు. చెన్నపట్నంలో పెద్దలు ఈ దేశపు కష్టాలన్నీ అర్జీగా రాసి సీమకి పంపుతున్నారనీ, దానికి ఊరూరా నిశానీలు కావాలనీ ఇంటింటికీ చెప్పుకుంటూ పెద్దింట్లమ్మ వాకిట్లోకి వచ్చేరు.

"సీమలో ఎవరికండీ?" అంది పెద్దింట్లమ్మ.

"పార్లమెంటుకమ్మా. ఈ దేశం ఏలుకోమని కుంపిణీవారికి పట్టా ఇచ్చింది వాళ్ళే. దాని గడువు అయిపోవస్తోంది. మళ్ళీ ఇవ్వాలంటే కొత్త చట్టం చెయ్యాలి. చెప్పుకుంటే ఇప్పుడే చెప్పుకోవాలి."

"పార్లమెంటంటే దొరగారాండీ?"

"దొర కాదమ్మా. రెండు సభలు. కింది సభలో జనం ఎంచి పంపినవాళ్ళు కూర్చుంటారు. పై సభలో పుట్టుకతోనే ప్రభువులైనవాళ్ళూ, వాళ్ళ మతగురువులూ ఉంటారు. ఏ మాటైనా చట్టం కావాలంటే రెండు సభలూ ఒప్పుకోవాలి. ఆమీదట రాణీగారి సమ్మతి పడాలి."

పెద్దింట్లమ్మ చేపల కత్తి పక్కన పెట్టింది. "జనం ఎంచుతారా? మరి మా తరఫున ఎవర్ని ఎంచేరండీ?"

కామరాజుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "మన తరఫున ఎవరూ లేరమ్మా. అక్కడైనా ఆస్తులున్న మగాళ్ళే ఎంచుతారు. మనం అర్జీ పెట్టుకోవడమే."

"అంటే గుమ్మం బయట నుంచుని కేకెయ్యడమన్నమాట."

"ఆయ్. అంతే."

అప్పలస్వామి ఎడంచేత్తో కలం పట్టుకుని వంకరగా ఒక చేపని గీశాడు. పెద్దింట్లమ్మ కూడా చెయ్యి చాపింది. ఆడవాళ్ళ నిశానీలు అడగలేదని కామరాజుగారు నసిగేరు.

"రాణీగారు ఆడమనిషే కదండీ," అందావిడ.

ఆయన కలం ఇచ్చేరు. ఆవిడ తెడ్డు బొమ్మ వేసింది.

అర్జీ ఓడెక్కింది. సంక్రాంతి పోయింది, వేసవి పోయింది. ఆ ఏడు వానలు ఎగ్గొట్టేయి. భాద్రపదంలో కూడా పర్ర తెల్లగా మెరుస్తూనే ఉంది. అప్పుడొచ్చేరు కామరాజుగారు, చేతిలో చెన్నపట్నం పత్రిక పట్టుకుని, రేవు దగ్గర్నుంచే కేకేసుకుంటూ.

"కింది సభవారు ఒప్పుకున్నారు! ఉప్పు ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చని చట్టంలో ఒక ముక్క చేర్చేరు!"

పేటంతా కేరింతలు కొట్టింది. నూకరాజు అన్నని అమాంతం ఎత్తి తిప్పేడు. అప్పలస్వామి నవ్వి చాలా కాలమైంది, ఆ వేళ నవ్వేడు.

"ఇంకా పై సభ మిగిలుందర్రా. అక్కడ కూడా అయ్యేదాకా ఆగండి," అన్నారు కామరాజుగారు.

పెద్దింట్లమ్మ ఆ మాట విన్నది. కానీ మర్నాడు నూకరాజు పడవ నిండా కవళ్ళు దింపేడు. మధ్యాహ్నానికే చేప కళ్ళు ఎర్రబారుతున్నాయి. జనం ఎంచినవాళ్ళు అవునన్నాక ఇంకెవరు కాదంటారనుకుంది. తోటికోడలు చిన్నతల్లిని వెంటబెట్టుకుని పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, రెండు తట్టలతో పర్రలోకి దిగింది.

తట్టలు నిండాక ఎదురుగా జమేదారు నిలబడి ఉన్నాడు.

"చట్టం మారింది బాబూ," అంది పెద్దింట్లమ్మ.

"ఎక్కడ మారింది?"

"సీమలో. కింది సభలో."

జమేదారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నాకు కాగితం రాలేదు," అని తట్టలు రెండూ బురదలో బోర్లించి, ఆడవాళ్ళిద్దర్నీ ఠాణా కొట్లో పెట్టి తాళం వేయించేడు.

కామరాజుగారు పరుగున వచ్చి పత్రిక విప్పి చూపించేరు. కొట్టు లోపల్నుంచి ఆయన మాటలన్నీ పెద్దింట్లమ్మకి వినపడుతూనే ఉన్నాయి. ఇంగిలీషు ముక్కలు చదివి, వాటికి తెలుగు చెప్పి, మళ్ళీ చదివి బతిమాలుకున్నారు.

"పత్రిక చూసి మనుషుల్ని వదిలేస్తే నా ఉద్యోగం ఉంటుందాండీ?" అన్నాడు జమేదారు. "హుకుం చూపించండి. ఇప్పుడే వదిలేస్తాను."

హుకుం ఎవరి దగ్గరుంది? కామరాజుగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయేరు.

నాలుగో రోజున తాళం తీసేరు. ఇంటికొచ్చేసరికి చేపంతా పోయింది. నూకరాజు దాన్ని గంపలకెత్తి కొబ్బరి మొదళ్ళలో పాతిపెడుతున్నాడు. కామరాజుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో కొత్త టపాలో వచ్చిన పత్రిక ఉంది. చదివేసి మడిచి పట్టుకున్నారు.

"పై సభవారు ఆ ముక్క కొట్టేశారమ్మా," అన్నారు. "ఖజానాకి నష్టమట. దానికోసం పట్టుబడితే మొత్తం చట్టమే ఆగిపోతుందని కింది సభవారూ సరేనన్నారు. రాణీగారి సమ్మతి పడిపోయింది."

"మా మాట ఎవరూ చెప్పలేదాండీ?"

"చెప్పేరు. ఒకరిద్దరు గట్టిగానే చెప్పేరు. పాపం వాళ్ళు ఈ సముద్రం చూడలేదు, ఈ పర్ర చూడలేదు. చదివి చెప్పేరు."

"మా అర్జీ ఏమైందండీ?"

"తీసుకున్నారు. సభలో బల్ల మీద పెట్టేరు."

"చదివేరా?"

"ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకు పెట్టుకున్నారో, అంతవరకు చదివేరట. తక్కినది కావలసినవాళ్ళు చదువుకోవచ్చు."

 ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో పెద్దింట్లమ్మకి తెలియలేదు. జమేదారుకి కాగితం రాలేదు. కింది సభవారు అవుననే అన్నారు. పై సభవారి పేర్లు కూడా తెలియవు. తిట్టడానికైనా ఒక మొహం ఉండాలి.

"ఆ మాట నేను తొందరపడి మోసుకురాకుండా ఉండాల్సిందమ్మా," అన్నారు కామరాజుగారు.

"మీరు చెప్పేరండీ, పై సభ ఉందని. నేనే ఆగలేదు."

ఉప్పు ఠాణా కళ్ళన్నీ ఇక ఆ ఇంటి మీదే. పెద్దింట్లమ్మ గుమ్మంలో చేప ఎండితే చాలు, జవాను వచ్చి ఆ ఉప్పు ఎక్కడిదని అడిగేవాడు. సంతలో బేరగాళ్ళు ఆవిడ గంప దగ్గర ఆగడం మానేశారు. కార్తీకం వెళ్ళేలోపు మొగుడూ పెళ్ళాం ఇల్లు నూకరాజుకి అప్పజెప్పి, కొత్తపేట వైపు కాలవ తవ్వకంలో కూలి దొరుకుతుందంటే పడవెక్కేరు.

కాలవ గట్టు మీద మేస్త్రీ పెద్దింట్లమ్మ భుజాలు చూసి, మట్టి మొయ్యడానికి తట్ట ఇచ్చేడు. అప్పలస్వామిని గునపం ఎత్తమన్నాడు. గునపం మోకాలి దాకా లేచి జారిపోయింది.

"ఒంటిచేతివాడికి ఇక్కడ పని లేదమ్మా," అన్నాడు మేస్త్రీ.

"ఆయన పని కూడా నేనే చేస్తానండీ," అంది పెద్దింట్లమ్మ.

"అట్లా కుదరదు. మనిషికొక తట్టే."

అప్పలస్వామి గట్టు మీద ఒక పక్కగా కూర్చున్నాడు. ఆవిడ తట్ట నెత్తికెత్తుకుని, జారే మట్టిలో కాలు ఊనుకుంటూ కిందికి దిగింది.