జరిపిన బటన్లు

పొద్దున వచ్చి కంప్యూటరు తెరిచేసరికి నా బటన్లు లేవు.

బీరువాలు, వంటగది అరలు చేసే ఆఫీసులో నేను డ్రాయింగులు గీస్తాను. నేను వేసిన కొలతలనే కింది అంతస్తులో వడ్రంగులు కోస్తారు. గీసే సాఫ్ట్‌వేర్‌లో గీతకొకటి, కోతకొకటి, కొలతకొకటి, నకలుకొకటి బటన్లుంటాయి. అవి తెరకి నాలుగు మూలలా చెదిరి ఉంటాయి. రోజంతా మౌసుని ఈ చివరినుంచి ఆ చివరికి ఈడ్చి ఈడ్చి పోయినేడు నా కుడి మణికట్టు వాచింది. మా అక్క ఫిజియోథెరపిస్టు. "చెయ్యి మార్చుకోలేవు కదే, బటన్లు మార్చుకో" అంది. పద్నాలుగు బటన్లు ఏరి, తెర మధ్యకి దగ్గరగా రెండు వరసల్లో పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి చేతి పట్టీ విప్పేశాను.

ఇప్పుడవన్నీ మళ్ళీ మూలల్లోకి పోయి కూర్చున్నాయి. ఎవరి పనో అడగక్కర్లేదు. మా కంప్యూటర్లు చూసే పెద్దాయన్ని అందరం రీసెట్ బాబాయి అంటాం. తెర నల్లబడినా, ప్రింటరు మొరాయించినా ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే.

"నిన్న మూడుసార్లు ప్రోగ్రాం పడిపోయి దానంతటదే మూసుకుపోయింది కదమ్మా. ఇష్టమొచ్చినట్టు బటన్లు పీకి పాతితే పడక ఏం చేస్తుంది?" అన్నాడు, టీ కప్పు నా బల్ల మీదే పెట్టి.

"బీరువాని ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపితే ఇల్లు కూలిపోతుందా బాబాయ్?"

"కంప్యూటరు ఇల్లు కాదమ్మా."

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళాను. ఆయన తలెత్తి చూడలేదు.

"నేనే తీసెయ్యమన్నాను. హోటలు వాళ్ళ నలభై గదుల డ్రాయింగులు వచ్చేవారానికి ఇవ్వాలి. ఇంకొక్కసారి పడిందా, నువ్వు గీయడం మానేసి ముందు గదిలో కూర్చో. వచ్చినవాళ్ళతో మాట్లాడుదువుగాని."

తొమ్మిదేళ్ళుగా గీస్తున్నాను. నా గీత తప్పి ఇంతవరకు ఒక్క చెక్క వృథా కాలేదు. అలాంటిదాన్ని, వచ్చేపోయేవాళ్ళకి మంచినీళ్ళివ్వమంటాడా?

మూలల్లో బటన్లతోనే పని మొదలుపెట్టాను. పదకొండు దాటేసరికి మణికట్టులో పోటు మొదలైంది. పన్నెండు కాకముందే ప్రోగ్రాం మళ్ళీ పడిపోయింది.

"ఆ పాత బటన్ల దోషం ఇంకా పూర్తిగా పోయుండదు" అన్నాడు బాబాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆయన వరస.

పక్క సీట్లో గీసే ఆవిణ్ణి అడిగాను. "వదినా, నీది పడదా?"

"రోజుకి రెండుసార్లు పడుతుంది. చెప్తే రీసెట్ అంటాడని చెప్పను" అంది గొంతు తగ్గించి. ఆవిడ ఏనాడూ ఒక్క బటనూ కదపలేదు. మరి మా ఇద్దరి పనిలో ఒకేలా ఉన్నదేమిటా అని చూస్తే, 'మొదటిది' కనిపించింది.

మొదటిది అంటే పదకొండేళ్ళ కిందట ఓనరు సొంతంగా గీసిన తొలి బీరువా డ్రాయింగు. అది తనకి కలిసొచ్చిందని ఆయన నమ్మకం. అందుకే మా ఆఫీసులో ఎవరూ ఖాళీ పేజీతో పని మొదలుపెట్టకూడదు. మొదటిదానికి నకలు తీసి, అందులో ఉన్నది చెరిపి, దానిమీదే గీయాలి. పైగా ప్రతి పనీ అయ్యాక అందులోని తలుపులూ పిడులూ పనికొస్తాయని ఆయనే తెచ్చి మొదటిదాంట్లో పడేస్తాడు. తెర మీద మేము చెరిపినా ఫైలు కడుపులో అవన్నీ అలాగే ఉంటాయి. ఒక నకలు తీసి, కనిపించిన ప్రతి గీతా చెరిపి, బరువు చూశాను. తెల్లకాగితంలా ఉన్న ఆ ఫైలు హోటలు వాళ్ళు పంపిన ప్లానుకి ముప్పై రెట్లుంది!

అన్నం మానేసి నా పద్నాలుగు బటన్లూ మళ్ళీ పేర్చుకున్నాను. ఓనరునీ బాబాయినీ పిలిచాను.

"నేను ఖాళీ పేజీ మీద, నా బటన్లతో సాయంత్రం దాకా గీస్తాను. ఒక్కసారి పడినా నా అంతట నేనే ముందు గదిలో కూర్చుంటాను. మొదటిదాన్ని మాత్రం బాబాయి కంప్యూటర్లో తెరిచి పని చెయ్యండి. అక్కడ ఎవరూ ఏదీ జరపలేదు కదా."

మూడున్నరకి బాబాయి తెర బిగుసుకుపోయింది. ఆరింటికి నేను ఆరు గదులు పూర్తి చేశాను. నాది ఒక్కసారి కూడా పడలేదు.

బాబాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఓనరు నోట పొరపాటైందన్న మాట రాలేదు.

"ఆ ఫైలు తీసి పారేద్దాం సార్" అన్నాను.

"అది నా మొదటిది. ఎవరూ ముట్టుకోవద్దు. నేనే శుభ్రం చేసుకుంటాను."

మర్నాడు పొద్దున్నే వచ్చి బాబాయి సీట్లో కూర్చున్నాడు. పదకొండేళ్ళ తలుపుల్నీ పిడుల్నీ ఒక్కొక్కటే తెరవడం, చూడడం, ఉంచాలో వద్దో తేల్చడం. ప్రతిదానికీ మౌసు ఆ మూల నుంచి ఈ మూలకి పోయి రావాలి. మధ్యాహ్నానికి ఆయన బల్ల కింద చెయ్యి విదిలించుకోవడం చూశాను. నాకు జాలి కలగలేదు.

మూడింటికి నా సీటు దగ్గరికి వచ్చాడు. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, ఆ బటన్లు అంత దగ్గరికి ఎలా తెచ్చుకున్నావు?"

నిన్న తలెత్తి కూడా చూడని మనిషి. నిన్నటి పుణ్యమా అని నా చేతికి మళ్ళీ పట్టీ పడింది. ఆ చేతిని తీసి, ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"ముందు ఇది చూడండి. బటన్ల సంగతి తర్వాత చెప్తాను."