మెస్సు హాల్లో వనజ

తార్నాకలో యూనివర్సిటీ వైపు తిరిగే సందులో, ఒక మేడ మెట్ల కింద రాజలింగు చెప్పులు కుట్టేవాడు. పాతికేళ్లుగా అదే చోటు. మనుషుల ముఖాలు అతనికి ఆలస్యంగా గుర్తొచ్చేవి, పాదాలు ముందు గుర్తొచ్చేవి. మడమ బయటివైపు అరగదీసేది ఎవరో, బొటనవేలితో పట్టీ తెంపేది ఎవరో దూరం నుంచి నడక చూసి చెప్పేవాడు. అలాంటి మనిషి చేతికి, ఆ మేడమీదికి కొత్తగా అద్దెకొచ్చిన శ్యామలాంబ గారు ఒకరోజు గులాబీరంగు జోడు ఒకటి ఇచ్చి, కొసన గుడ్డ చిరిగింది, కుట్టగలవా అని అడిగారు.

రాజలింగు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మడమ ఎత్తు లేదు. అడుగున తోలు నాలుకంత సన్నం. ముందు భాగం మాత్రం కొబ్బరిచిప్పలా గట్టిగా ఉండి, కొస దగ్గర కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

"ఇది ఏ కాలిదమ్మా?"

"ఏ కాలికైనా ఒకటే. దీనికి కుడీ ఎడమా ఉండవు," అన్నారావిడ. "ఆ కొస మీద నిలబడి నాట్యం చేస్తారు."

పెద్దావిడ మాటకు అడ్డు చెప్పడం ఎందుకని ఊరుకున్నాడు గానీ, అతను నమ్మలేదు. రెండు వేళ్లంత కూడా లేని ఆ చదును మీద మనిషి ఎలా నిలబడుతుంది?

శ్యామలాంబది తెనాలి దగ్గర పల్లె. ఆవిడ తండ్రికి మాస్కోలో రష్యన్ పుస్తకాలను తెలుగులోకి మార్చే ఉద్యోగం దొరికితే, ఏడేళ్ల పిల్లగా ఆ దేశం వెళ్లింది. పదకొండేళ్లు అక్కడే ఉండి బ్యాలే నేర్చుకుంది. తిరిగొచ్చాక పెళ్లి, బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం, సంసారం. నేర్చిన విద్య నలభై ఏళ్లు ఒంట్లోనే ఉండిపోయింది. భర్త పోయి, రిటైరయ్యాక, ఆ మేడమీది పొడుగు గదిలో గోడ వెంట ఒక కర్ర బిగించి, పదిమంది పిల్లలతో బడి మొదలుపెట్టింది.

జోడు కుట్టి ఇచ్చిన రోజు వేసవి సెలవులు. ఎనిమిదేళ్ల కూతురు వనజ సద్ది తెచ్చింది. జోడు పైకి ఇచ్చి రమ్మని రాజలింగు పంపాడు. గంటయినా పిల్ల దిగిరాలేదు. అతనే పైకి వెళ్లి చూస్తే, వనజ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఆరుగురు ఆడపిల్లలు కర్ర పట్టుకుని చాలా నెమ్మదిగా మోకాళ్లు వంచి లేస్తున్నారు. వనజ రెప్ప వేయడం లేదు. పిలిస్తే వినబడలేదు.

శ్యామలాంబ వచ్చి పిల్లను కూర్చోబెట్టి, పాదం చేతిలోకి తీసుకుని వంచారు. అది విల్లులా వంగింది.

"నీ కూతురి పాదం ఎప్పుడైనా చూశావా రాజలింగూ?" అని అడిగారు.

అతను ఊళ్లో అందరి పాదాలూ చూశాడు. కూతురి పాదం చూడలేదు.

అలా మొదలైంది. ఫీజు మాట ఎత్తితే ఆవిడ కసిరారు. ఇంట్లో మాత్రం భూదేవి ఒప్పుకోలేదు. ఆమె యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేది. కాపురం మాణికేశ్వర్ నగర్‌లో, ఒక ఇంటి మాట పది ఇళ్లకు వినబడే గల్లీలో. ఆడపిల్ల బిగుతు బట్టలు కట్టుకుని కాళ్లు పైకి లేపడమేంది, రేపు నలుగురూ ఏమంటారు అని భర్తను నిలదీసింది. వనజ ఏడవలేదు, అన్నం మానలేదు. తెల్లవారి లేచి, నీళ్ల డ్రమ్ము అంచు పట్టుకుని, మేడం చెప్పినట్టు వంగి లేవడం మొదలుపెట్టింది. అది చూశాక భూదేవి వద్దనడం మానేసింది. కానీ ఒక్కసారి కూడా ఆ మేడమీదికి వెళ్లి చూడలేదు.

నాలుగున్నరేళ్లు గడిచాయి. సాయంత్రం బడి విడిచాక వనజ మెట్లెక్కడం, రాజలింగు కింద కూర్చుని పైకప్పు మీద పాదాల చప్పుడు వినడం అలవాటైంది. పన్నెండో ఏట శ్యామలాంబ ఆమెకు కొసల మీద లేచే జోళ్లు తెప్పించారు. అవి ఎక్కడో దూరం నుంచి రావాలి, వచ్చినా నెల రోజులు ఆగవు. ముందు డొప్ప మెత్తబడిపోతుంది. రాజలింగు ఒక పాడైన జోడును నిలువునా కోసి చూశాడు. లోపల తోలు లేదు, ఇనుము లేదు. గుడ్డ, కాగితం, మళ్లీ గుడ్డ, మధ్యన ఎండిన జిగురు. ఇంతేనా అనుకున్నాడు. తనే డొప్ప గట్టిపరిచి, కొస చుట్టూ దగ్గరదగ్గరగా దారం కుట్టి ఇచ్చాడు. జిగురు ఎక్కువైంది. రెండో రోజు ఆ జోడు ఒక పక్కకు ఒరిగి వనజ చీలమండ మెలిపడింది. వారం రోజులు కాలు వాచి ఉంది. భూదేవి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మాట్లాడాక కూడా అతనే తలెత్తి చూసేవాడు కాదు.

ఆ తర్వాత అతను తొందరపడలేదు. జిగురు పలచన చేసి, పూతకూ పూతకూ మధ్య ఒక పగలంతా ఎండనిచ్చి, శ్యామలాంబ వేలితో నొక్కి చూసి సరేనన్నాకే కూతురికి ఇచ్చేవాడు.

రెండువేల తొమ్మిది చివర్లో యూనివర్సిటీ అంటుకుంది. తెలంగాణ కావాలని పిల్లలు రోజూ ఊరేగింపు తీస్తున్నారు, పోలీసులు రోజూ తరుముతున్నారు. లాఠీచార్జి అయిపోయాక రోడ్డు నిండా చెప్పులు మిగిలేవి. రాజలింగు గోనెసంచి పట్టుకుని వెళ్లి వాటిని ఏరేవాడు. జతలు కలిపి, తెగిన పట్టీలు కుట్టి, హాస్టల్ ప్రహరీ గోడ వెంట వరుసగా పెట్టేవాడు. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి పిల్లలు వట్టికాళ్లతో, కొందరు కుంటుతూ వచ్చి, ఎవరివి వాళ్లు వెతుక్కుని తొడుక్కుపోయేవారు. జగిత్యాల వైపు నుంచి వచ్చి ఎమ్మే చదువుతున్న దివాకర్ అలాగే పరిచయమయ్యాడు.

మేడమీద బడి పలచబడింది. శ్యామలాంబ బంధువులు కొన్నాళ్లు తెనాలి వచ్చి ఉండమని ఫోన్లు చేశారు. వనజ పరీక్ష అయ్యేదాకా కదలనని ఆవిడ చెప్పేశారు.

ఆ పరీక్ష బెంగళూరుది. అక్కడ ఒక బ్యాలే బడి ఏటా ముగ్గురో నలుగురో పిల్లలను ఎంచుకుని, తమ దగ్గరే ఉంచుకుని నేర్పుతుంది. ఎంపిక కోసం ఒకావిడ ఫిబ్రవరిలో రెండు రోజులకు హైదరాబాద్ వచ్చి, యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌లో దిగింది. మొదటి రోజు నాంపల్లిలో హాలు తీసుకుని కొందరిని చూసింది. వనజ వంతు రెండో రోజు. ఆ రోజు బంద్ పడింది. హాలు తెరవడం కుదరదన్నారు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. రైళ్లు నడిస్తే సాయంత్రమే ఆవిడ వెళ్లిపోవాలి. శ్యామలాంబ ఫోన్ చేస్తే, మధ్యాహ్నంలోగా పిల్లను గెస్ట్‌హౌస్‌కు తీసుకురాగలిగితే చూస్తానంది. అయితే నాట్యానికి జాగా మీరే చూసుకోవాలంది.

యూనివర్సిటీ రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచె, దాని వెనక పోలీసులు. శ్యామలాంబ మెట్లు దిగి వచ్చి చేతిసంచి గుండెకు పట్టుకుని నిలబడ్డారు. ఎన్నడూ లేనిది ఆవిడ మొహంలో రాజలింగుకు భయం కనిపించింది.

"నా మాట వింటే మీవాళ్లు ఏ ఊరని అడుగుతారేమో రాజలింగూ," అన్నారు మెల్లగా.

"అడిగితే నేను చెప్త. నా ఎంబడి రాండ్రమ్మా."

మాణికేశ్వర్ నగర్ గల్లీల్లోంచి, అతనికి తెలిసిన గోడసందులోంచి, వనజతో కలిపి ముగ్గురూ యూనివర్సిటీ లోపలికి వెళ్లారు. ఎవరూ ఏమీ అడగలేదు. బాష్పవాయువుకు కళ్లలోంచి నీళ్లు కారుతున్న పిల్లలు తడిగుడ్డలు మొహాలకు కట్టుకుని ఎదురొచ్చారు. ఒక అమ్మాయి ఆగి శ్యామలాంబకూ ఒక తడిగుడ్డ ఇచ్చి వెళ్లింది.

జాగా అంటే రాజలింగుకు తోచింది ఒక్కటే, భూదేవి వండే మెస్సు హాలు. అల్లర్ల వల్ల మెస్సు మూసేసి నాలుగు రోజులైంది. సరుకుల కాపలాకు భూదేవి రోజూ వస్తూనే ఉంది, తాళంచెవి ఆమె కొంగుకే ఉంది. అడగడానికి అతనికి నోరు రాలేదు. వనజే అడిగింది. భూదేవి కూతురి మొహం చూసి, వెళ్లి తలుపు తీసింది.

సంగతి తెలిసి వచ్చిన దివాకర్, మరో ఎనిమిది మంది హాస్టల్ పిల్లలు బల్లలు గోడకు జరపసాగారు. తలకు కట్టు కట్టుకున్న కుర్రాడొకడు కిటికీ దగ్గర నిలబడి, "గాడ మనోళ్లు దెబ్బలు తింటుంటే గీడ డాన్సేంది?" అన్నాడు.

దివాకర్ బల్ల దించకుండానే, "రాజన్న బిడ్డ," అన్నాడు. "గియ్యాల తప్పితే మల్ల లేదట."

కట్టున్న కుర్రాడు వచ్చి బల్ల రెండో వైపు పట్టుకున్నాడు.

శ్యామలాంబ గెస్ట్‌హౌస్‌కు వెళ్లి పిలుచుకొస్తే, బెంగళూరు ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. సన్నటి మనిషి, నవ్వలేదు. కరెంటు లేదు. శ్యామలాంబ తెచ్చిన టేపురికార్డరు పనికిరాకుండా పోయింది. శ్యామలాంబే నేలకు పరిచిన షాబాద్ బండల మీద కాలితో రాసి చూసి, జారకుండా నీళ్లు చిలకరించమని, పాటకు బదులు లెక్క తానే చెబుతానని అన్నారు. వనజ ఒక బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"రాజ్, ద్వా, త్రీ..." రష్యన్ భాషలో ఒకటీ రెండూ మూడూ. నాలుగున్నరేళ్లుగా పైకప్పులోంచి ఆ మాటలు వింటున్నా, అవి అంకెలని రాజలింగుకు ఆ రోజు దాకా తెలియదు.

మొదట అతను జోళ్లే చూశాడు. కుడి డొప్ప ఆగుతుందా, ఎడమ కుట్టు విడుతుందా అని అతని ప్రాణమంతా అక్కడే ఉంది. వనజ బల్ల వదిలి నడిమధ్యకు వచ్చింది. రెండు జోళ్లూ ఒక్కసారి నిటారుగా లేచాయి. బండ మీద టక్కున చిన్న చప్పుడు. తర్వాత ఒక జోడు నేలను వదిలి పైకి పోయింది. దాని వెంట అతని చూపూ పైకి పోయింది.

అప్పుడు చూశాడు కూతుర్ని. ఒక్క కాలి కొస మీద నిలబడి ఉంది. రెండో కాలు వెనక తల ఎత్తుకు లేచి ఉంది. చేతులు ఎవరికో ఏదో అందిస్తున్నట్టు చాచి ఉన్నాయి. పొద్దున కంటికి కాటుక పెట్టించుకోవడానికి కదలకుండా నిలవని పిల్ల. ఆ మొహం అతనికి తెలిసిన మొహమే గానీ, అందులో ఉన్నదేదో అతనికి తెలియదు. అది తన దగ్గర నుంచి వచ్చింది కాదు, భూదేవి దగ్గర నుంచీ కాదు. అతను గోడకు ఆనుకున్నాడు.

అంతలో బయట, దగ్గర్లోనే, బాష్పవాయువు గుండు పేలింది. కిటికీ అద్దాలు అదిరాయి. హాల్లో ఉన్న ప్రతి తలా అటు తిరిగింది. శ్యామలాంబ లెక్క ఆగిపోయింది. బెంగళూరు ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది.

మళ్లీ ఇటు తిరిగి చూసేసరికి వనజ అలాగే ఉంది. కాలి కొస కదల్లేదు, వేలి కొస కదల్లేదు. లెక్క చెప్పే గొంతు లేకపోయినా ఎక్కడి నుంచి అందుకుందో గానీ, కాలు దించి, తిరగడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. శ్యామలాంబ తిరిగి లెక్క చెప్పబోయి, ఆగి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. హాల్లో వినబడేది జోళ్ల చప్పుడూ, పిల్ల ఊపిరీ మాత్రమే. వాటిని బట్టే అందరి ఊపిరీ నడుస్తోంది. చివరికి ఎగిరి దిగినప్పుడు ఆ షాబాద్ బండ మీద చప్పుడే కాలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ తోచలేదు. తలకు కట్టున్న కుర్రాడు కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వంటింటి గుమ్మంలోంచి భూదేవి వచ్చి భర్త పక్కన నిలబడింది. 

"గీ పిల్లను మనమే కన్నమా?" అంది.

బెంగళూరు ఆవిడ నేల మీద కూర్చుని వనజ జోళ్లు విప్పించి, పాదాలు వంచి, చీలమండలు నొక్కి చూసింది. శ్యామలాంబతో ఇంగ్లీషులో ఏమేమో చెప్పింది. ఎడమ చీలమండలో బలం తక్కువ, దాన్ని సరిచేయడానికే ఏడాది పడుతుంది, ఇంకో ఏడాది ఆలస్యమైతే తీసుకునేదాన్ని కాదు అందట. అవన్నీ చెప్పాక, జూన్‌లో పంపమంది. అక్కడి ఖర్చంతా బడిదే. లేచేముందు జోడు ఒకటి తిరగేసి, కొస చుట్టూ కుట్టును గోటితో గీకి చూసి, ఏ కంపెనీ అని అడిగింది.

"తార్నాక," అన్నారు శ్యామలాంబ.

జూన్‌లో కాచిగూడ స్టేషన్‌కు శ్యామలాంబ కూడా వచ్చారు. భూదేవి రెండు రోజుల ముందు నుంచే సకినాలు, సర్వపిండి చేసి డబ్బాలకు ఎత్తింది. ఒళ్లు బరువెక్కే తిండి పెట్టకమ్మా అని ఆవిడ అంటే, ఒక్క వారానికేనని ఒట్టు పెట్టింది. రాజలింగు బెంగళూరు దాకా వెళ్లి దింపి వచ్చాడు. వచ్చాక మూడు రోజులు పని ముందర కూర్చున్నాడు గానీ, చెయ్యి ఆడలేదు. చెప్పులు తెచ్చినవాళ్లు పేరు పెట్టి పిలిస్తే గానీ తల ఎత్తేవాడు కాదు.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. కొత్త చోటు, తెలియని భాష, పిల్ల ఏడుస్తుందేమోనని భూదేవి ఫోన్ అతని చేతికే ఇచ్చింది. వనజ ఏడవడం లేదు. ఆయాసపడుతూ మాట్లాడుతోంది, ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చినట్టు.

"బాపూ, గీడ అందరికన్న కింద నేనే. నాకేం రాదట, మొదటి నుంచి నేర్వాలట," అంది. ఆ మాట చెప్పడంలో దిగులు లేదు. "గీడ ఒకక్క ఉన్నది బాపూ. పొద్దుగాల ఆమె ఎగురుతుంటే చూసిన. ఆమె పైకి పోయి, గాడ్నే గాలిల జెరసేపు ఉంటది. నిజంగ ఉంటది. నేను లెక్కవెట్టిన."

రాజలింగు సరే బిడ్డా అన్నాడు. అవతల వనజ ఆ అక్క ఎలా లేస్తుందో, మెడ ఎలా తిప్పుతుందో, దిగేటప్పుడు వేళ్లు ముందా మడమ ముందా, అన్నీ చెబుతూనే ఉంది. అతను ఫోన్ చెవికి మరింత దగ్గరగా పట్టుకుని, భూదేవికీ వినబడేలా తల పక్కకు వంచాడు.