ఏసోబు కూతురు

పెళ్ళి రిజిస్టరులో పెళ్ళికూతురి తండ్రి పేరు రాయవలసి వచ్చి పాదిరిగారు తలెత్తారు. రాజకుమారి నోరు విప్పేలోగా అత్తగారు వరమ్మ అందుకుంది.

"మా తమ్ముడు ఏసోబండి. కొల్లేటికోట."

తాడేపల్లిగూడెం చర్చికి పాదిరిగారు కొత్త. రాసుకున్నారు. పక్కన తలపాగా సర్దుకుంటున్న ఏసోబు అక్క వంక ఓసారి చూసి ఊరుకున్నాడు. పెళ్ళికూతురి వైపు ఎవరో ఒకరు నిలబడాలంటే వచ్చాడు గాని, తండ్రినవుతానని అనుకోలేదు.

రాజకుమారి సయాం దేశపు పిల్ల. వరమ్మ కొడుకు దేవదానం బాంకాకులో బియ్యం మిల్లు ఫిట్టరుగా ఉన్నప్పుడు అక్కడి చర్చిలో ఆమెను చూశాడు. అతను తిరిగొచ్చిన ఏడాదికి ఆమె ఓ మిషను దొరసాని పిల్లలకు ఆయాగా ఏలూరు చేరింది. ఆరు నెలలకు వీసా. గడువు తీరాక దొరసాని ఓడెక్కింది, ఈ పిల్ల ఎక్కలేదు. అక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు. పాస్‌పోర్టులో ఆమె పేరు బున్మా. రాజకుమారి అన్నది వరమ్మ పెట్టుకున్న పేరు.

కోడలు ఎవరి పిల్ల అని పేటలో అందరూ అడిగేవాళ్ళే. "మేనరికమండి, రంగూనులో పెరిగింది" అని వరమ్మ అంటే ఇక రెండో ప్రశ్న ఉండేది కాదు. ఆ మాటే రిజిస్టరులోకీ వచ్చింది. అది అబద్ధమని వరమ్మకు అప్పుడు తోచనే లేదు.

ఏసోబు మాత్రం ఆ రాతను ఉత్తినే పోనివ్వలేదు. అతనికి నలుగురూ మగపిల్లలే. పెళ్ళయిన నెలకే ఎండు రొయ్యలు మూటగట్టుకుని కూతురిని చూడడానికి వచ్చాడు. తొలి కాన్పుకు ఏడో నెలలో పడవ కట్టించి కొల్లేటికోట తీసుకెళ్ళాడు. అక్కడే పురుడు పోయించి, తల్లికి చీరా బిడ్డకు వెండి మొలతాడూ పెట్టి పంపించాడు. రాజకుమారి అతన్ని నాన్నా అనే పిలిచేది.

ఆరేళ్ళు అలా గడిచాయి. 1939లో యుద్ధం వచ్చింది. పరాయి దేశస్థులంతా పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలన్నారు. బున్మా అనే ఆయా రావడమే గాని వెళ్ళినట్టు లేదని మిషనుకు ఉత్తరం వచ్చింది. అక్కడి నుంచి కబురు వరమ్మ ఇంటికి వచ్చింది.

ఏలూరు ప్లీడరు చలపతిరావు రిజిస్టరు నకలూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"ఇక్కడి మనిషిని పెళ్ళాడితే ఆవిడా ఇక్కడి మనిషే అవుతుందండి. చట్టం మన వైపే ఉంది. కాని ఇందులో మీ వాడు పెళ్ళాడింది ఏసోబు కూతురిని. మరి ఈ బున్మాకు మొగుడెవరండి?"

"రెండూ ఈ పిల్లేనండి," అంది వరమ్మ.

"మీ తమ్ముడొచ్చి ఈవిడ నా కూతురు కాదని ప్రమాణం చెయ్యాలి. మీరు తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. లేకపోతే ఓడెక్కించేస్తారండి."

రాజకుమారి నాలుగేళ్ళ కూతురి జుట్టు సవరిస్తూ కూర్చుంది. దాన్ని కూడా పంపుతారా అని అడగలేదు. అడగకపోవడమే వరమ్మకు కష్టమనిపించింది.

కబురందుకుని ఏసోబు వచ్చాడు గాని, మొండికేశాడు.

"నేననలేనక్కా. నాన్నా అని పిలిపించుకున్న నోటితో కాదని ఎలా అననే?"

"నువ్వు కాదంటేనేరా అది మన దగ్గరుండేది."

"అప్పుడు అవునన్నదీ నువ్వే. ఇప్పుడు కాదనమంటున్నదీ నువ్వే. నన్ను అడిగి ఏ పని చేశావు గనక?"

రాజకుమారి అన్నం పెడుతూ మెల్లగా అంది: "నాన్నా, ఒక్కసారి అనండి. నేను ఏమీ అనుకోను."

ఏసోబు కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ తాడేపల్లిగూడెంలో రైలెక్కారు. ఏలూరులో పోలీసు ఆఫీసరు ముందు వరమ్మే మొదట నిలబడింది.

"తప్పు నాదండి. పిల్లకు ఎవరూ లేరని అలా చెప్పాను. ఏం రాసుకున్నా నా మీద రాసుకోండి."

ఆఫీసరు ఏసోబు వైపు తిరిగాడు. "ఈవిడ నీ కూతురా?"

ఏసోబు తువ్వాలు చేతికి చుట్టుకుని, విప్పుకుని, "కాదండి," అన్నాడు.

"మరి కాన్పుకు మీ ఇంటికి తీసుకెళ్ళావట?"

"ఆడపిల్లండి. ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి కదండి."

ఆఫీసరు ఆ మాట కూడా రాసుకున్నాడు. వరమ్మను గట్టిగానే మందలించి, ఆర్డరు వచ్చేదాకా రాజకుమారి నెలకోసారి స్టేషనులో కనబడాలనీ, ఊరు దాటకూడదనీ చెప్పాడు. ఏసోబు వేలిముద్ర వేసి, సిరా మరక బయట గోడకు రుద్దుకున్నాడు.

మెట్లు దిగాక రాజకుమారి అతని దగ్గరకెళ్ళి, "నాన్నా, ఎండెక్కింది, తలకు గుడ్డ చుట్టుకోండి," అంది. అతను చుట్టుకున్నాడు.

ఆర్డరు మార్చిలో వచ్చింది. దేవదానం భార్యగా ఆమె ఇక్కడి మనిషేనని అందులో ఉంది. ఆ ఆదివారమే వాళ్ళు చర్చిలో కృతజ్ఞతార్పణ చెల్లించారు. ప్రార్థన తరువాత పాదిరిగారు రిజిస్టరు తెచ్చి, ఏసోబు పేరు మీద గీత కొట్టి, తండ్రి పేరేమిటమ్మా అని అడిగారు. ఈసారి వరమ్మ పెదవి కదపలేదు.

"చాన్ అండి. పడవ నడిపేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు."

ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండీ ఆ పేరు వినడం వరమ్మకు అదే మొదలు. తాను ఎప్పుడూ అడగలేదు. ప్రభువుకు చెప్పుకున్న వందనాలలో ఆ పేరునూ కలుపుకుంది.

బయట ఏసోబు కొర్రమీనుల కుండతో నిలబడి ఉన్నాడు. గీత కొట్టేది చూడలేక లోపలికి రాలేదట.

"ఇప్పుడు ఊరు దాటొచ్చటగా," అన్నాడు వరమ్మతో. "పిల్లనీ మనవరాలినీ పది రోజులు పంపించు. పుట్టింటికొచ్చి ఏడాది దాటింది."

"నన్నడుగుతావేంరా? దాన్నడుగు."

రాజకుమారి అప్పటికే కుండ అందుకుంది. "రేపు పొద్దున్న బయల్దేరదాం నాన్నా," అంది.